ఓబులమ్మ ఆగిన మిట్ట

మా తాతకి తాత పాలపళ్ళతో తిరిగే కాలంలో, ఒక మిట్ట కింద కుమ్మరి ఓబులమ్మ అని ఒకామె ఉండేది. మిట్ట పైన సంత. వారం వారం గంపనిండా కుండలు నెత్తిన పెట్టుకుని ఎక్కేది. ఎక్కేది, అమ్మేది, పది ఊర్ల మంచీ చెడ్డా విని దిగేది. సంతకి పోని వారం ఆమెకి వారమే కాదు.

వయసు మీద పడింది. మోకాళ్ళు వాచినాయి. ఉబ్బసం పట్టుకుంది, రొమ్ములో ఒకటే పిల్లికూతలు. ఇంక ఇంటిపట్టున ఉండమ్మా, కోడలు పోతుందిలే అన్నాడు కొడుకు. ఓబులమ్మ ససేమిరా అంది.

కుమ్మరోళ్ళకి అప్పట్లో ఒక పట్టింపు ఉండేది. సంతకి పోయే కుండల గంపని దోవలో దించకూడదు. దించితే ఆ గంప వెనక్కి రావాల్సిందే. అందుకని ఇంట్లో పందెం పెట్టుకున్నారు. అత్తాకోడళ్ళు చెరో గంపతో ఎక్కాలి. ముందు ఎవరు దించితే వాళ్ళు ఇంక ఇంట్లో, రెండో ఆమె సంతకి.

కోడలు సుంకి ఉక్కుమనిషి. ఆమెకి ఉన్నది ఒకటే జబ్బు. నోరు తెరిస్తే మూయలేదు.

ఎక్కినారు, ఎక్కినారు. మొదటి మలుపులో ఓబులమ్మకి ఊపిరి అందలేదు. నిలబడింది. "ఆ మేక ఎవరిదే?" అంది. సుంకి మేక సంగతి చెప్పింది, మేక గలాయన సంగతి చెప్పింది, ఆయన బావమరిది సంగతీ చెప్పింది. ఈలోగా ముసలామెకి ఊపిరి వచ్చింది.

ఎక్కినారు, ఎక్కినారు. రెండో మలుపులో మళ్ళీ ఆగింది. మీ చెల్లెలి పెళ్ళి ఎట్లా జరిగిందే అంది. ఇంక చూస్కోండి, నిశ్చితార్థం నుంచి అప్పగింతల దాకా ఏకరువు పెట్టింది మహాతల్లి.

ఎక్కినారు, ఎక్కినారు. మూడో మలుపులో ఓబులమ్మకి కళ్ళు చీకట్లు కమ్మినాయి. "మీ అమ్మ... అరిసెలు... ఎట్లా చేస్తుందే?"

పుట్టింటి అరిసెలు! సుంకి పిండి దంచింది, పాకం పట్టింది. అన్నీ మాటల్తోనేలెండి. కానీ అరిసె వత్తాలంటే రెండు చేతులూ కావాలి కదా. గంప దించి, ఎడం అరచేతి మీద కుడి చేత్తో వత్తి చూపించింది. ఓబులమ్మ ఆ అరిసె నూనెలో వేగిందాకా ఓపిక పట్టి, అప్పుడు అడిగింది.

"గంప దించింది ఎవరే?"

సుంకికి ఒళ్ళు మండింది. అత్త మొహం చూసింది. పెదాలు నల్లబడి ఉన్నాయి, కాళ్ళు వణుకుతున్నాయి.

"మూడుసార్లూ ఊపిరి అందకనే అడిగినావా అత్తా?"

"అవునే. నన్ను ఇంట్లో కూర్చోబెడితే ఉబ్బసం కన్నా ముందు దిగులే చంపుతుంది. మెల్లగానైనా ఎక్కనీ నన్ను."

సుంకి గంప వెనక్కి మోసుకుపోయి, ఓడిపోయినానని మొగుడికి చెప్పింది. ఆ పై వారం నుంచి అత్త గంపలో సగం కుండలే సర్ది, తాను ఉత్త చేతులతో వెంట నడిచింది. ఎందుకూ అంటే, మాట్లాడేదానికి.

ఓబులమ్మ ఇంకా ఏడేళ్ళు సంత చేసింది. ఒక వారం కుండలన్నీ అమ్మేసి దిగిన మర్నాడు హాయిగా పోయింది.

ఇప్పటికీ ఆ మిట్ట మీద ముసలోళ్ళు ఆగితే ఆయాసమా అని ఎవరూ అడగరు. అడిగితే తప్పు. వెనక వచ్చేవాళ్ళు తామూ ఆగి ఏదో ఒక సంగతి ఎత్తుకుంటారు. ముసలోళ్ళు పద అనేదాకా చెప్తూనే ఉండాలి. అంత పొడుగు సంగతి లేకపోతేనో? కల్పించాలి మరి. ఆ ఊర్లో కథలన్నీ అట్లా పుట్టినవే.

ఇది కూడా.