మూడో గేటు దగ్గర గాడిద

అడవిలోకి ఫోన్లు ఎలా వచ్చాయని అడగకండి. జంతువులకు మాటలెలా వచ్చాయని ఎప్పుడైనా అడిగారా? వచ్చాయంతే. సాయంత్రం పనులు ముగిశాక నలుగురు నేస్తాలు ఎవరి చోట వాళ్లుండి ఆన్‌లైన్‌లో 'మంటకొండ' ఆట ఆడేవారు. ఇటుక బట్టీలో మోత మోసే గాడిద ఓబన్న ఆటలో డాలు పట్టేవాడు. కుందేలు ముందు పరుగెత్తి దారి చూసేది. ఎలుగుబంటి దగ్గర గాయాలు మాన్పే మందుకుండ ఉండేది. విల్లు నక్కది. మూడు గేట్లు దాటి, నలుగురిలో ముగ్గురైనా జెండా రాయి చేరితే గెలుపు.

పందొమ్మిది సార్లు ఆడారు. పందొమ్మిది సార్లూ బూడిదయ్యారు.

ఓడిన ప్రతిసారీ నక్క అందుకునేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా గాడిద మీదికి తోసేది. ఇరవయ్యో ఆటకు ముందు తేల్చి చెప్పేసింది.

"గాడిదకేం తెలుసు గంధం వాసన? ఈ ఒక్క ఆటా చూస్తాను. ఓడామా, ఓబన్నను తీసేసి మా తమ్ముణ్ణి పెట్టుకుందాం."

పగలంతా ఓబన్నకు దక్కేవి ఇటుకలూ అదిలింపులే. 'నువ్వు ముందుండు, మేం నీ వెనకుంటాం' అని వాడితో ఎవరైనా అనేది ఈ ఆటలోనే. ఇదీ పోతే ఇక మిగిలేది మోతే.

అయితే వాడికో అలవాటుంది. ఓడిన ప్రతిసారీ, ఏ గేటు దగ్గర ఓడారో గుర్తుగా ఓ ఇటుక ముక్కను కాలితో నెట్టి పెట్టుకునేవాడు. ఆ రోజు చూసుకుంటే మొదటి గేటుకు రెండు ముక్కలు, రెండో గేటుకు మూడు, మూడో గేటుకు పద్నాలుగు. ఆ కుప్ప ముందు చాలాసేపు నిలబడి, చివరికి ముగ్గురికీ ఫోన్ కలిపాడు.

"మనం ఓడేది ఒక్క చోటే. ముందు నా తప్పు చెప్తాను. మూడో గేటు తెరుచుకోగానే భయమేసి కళ్లు మూసుకుంటున్నా. డాలు పక్కకు పోతోంది."

అది విని కుందేలు, తాను డాలు అందనంత ముందుకు ఉరుకుతున్నానని ఒప్పుకుంది. ఎలుగుబంటికి సిగ్గేసింది. కుండ కనిపిస్తే ఆగలేక, దెబ్బ తగలకముందే మందంతా తానే తాగేస్తోందట.

"మరి నువ్వు, నక్క బావా? గేటు తెరవగానే ఆ బంగారు పెట్టె మీదికి దూకుతావు. పెట్టెకు కాపలా ఉన్న మంటభూతం లేచి తరిమితే, దాన్ని వెంటేసుకుని మా మీదికే వస్తావు. ఆ పెట్టె జోలికి పోకుండా ఉంటావా?" అని అడిగాడు ఓబన్న.

"నాకే వంక పెట్టేంతవాడివయ్యావా? నా ఆటలో తప్పు లేదు. ఎప్పుడూ ఎలా ఆడతానో అలాగే ఆడతా."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదు కదా.

"అలాగే ఆడు బావా," అన్నాడు ఓబన్న. ఆట మొదలయ్యేలోపు మిగతా ఇద్దరికీ విడిగా ఓ మెసేజ్ పెట్టాడు, గేటు తెరవగానే నాతోపాటు ఎడమ గోడ పట్టుకోండని.

మూడో గేటు తెరుచుకుంది. నక్క పెట్టె మీదికి దూకింది. మంటభూతం లేచి దాని వెంట పడింది. ఓబన్నకు భయం పోలేదు, కానీ ఈసారి కళ్లు మూసుకోలేదు. డాలు ఎత్తి గోడ వెంట నడిచాడు. కుందేలు నాలుగడుగులు దాటి ముందుకు పోలేదు. గాడిద వీపు మీద నిప్పులు పడితే, ఎలుగుబంటి నోరు కట్టుకుని మందు వాడికే పోసింది. నక్క మాత్రం అలవాటు ప్రకారం డాలు చాటుకు పరిగెత్తుకొచ్చింది. అక్కడ డాలూ లేదు, గాడిదా లేడు. వెనకాల భూతం ఉంది.

జెండా రాయి మీద మూడు పేర్లు వెలిగాయి. మొదటిది ఓబన్నది. రేపు కూడా నువ్వే ముందుండాలి అంది ఎలుగుబంటి. హమ్మయ్య అనుకుని ఓబన్న బట్టీ అదిరేలా ఓండ్ర పెట్టాడు.

"నన్నొదిలేసి పోతారా? నేనెటు పరిగెత్తుతానో మీకెలా తెలిసింది?" అంది నక్క ఉక్రోషంగా.

"నువ్వే చెప్పావు కదా బావా, ఎప్పుడూ ఆడినట్టే ఆడతానని. ఆ మాట నమ్ముకునే నడిచాం."

తన తప్పు ఒప్పుకున్నవాడు దాన్ని దాటతాడు, తప్పే లేదన్నవాడు ఎదుటివాడికి దారి చూపిస్తాడు.