టీచరమ్మ కారు అద్దం

టీచరమ్మ కారు మూడోసారి వెనక్కి వచ్చింది. మళ్లీ అదే డ్రైవరు వైపు అద్దం. మీట నొక్కితే దిగనంటోంది.

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. ప్రొద్దుటూరులో దస్తగిరి ఉస్తాద్ దగ్గర కార్ల కరెంటు పని ఎనిమిదేళ్లుగా చేస్తున్నాడు. వచ్చే శుక్రవారం సొంత షెడ్డు తెరవాలని బోర్డు కూడా రాయించుకున్నాడు. ఒక్కటే మిగిలింది. వైరులో కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ లైటు ఒకటి ఉస్తాద్ జేబులో ఎప్పుడూ ఉంటుంది. అది ఆయన చేత్తో ఇస్తేనే శిష్యుడు బయటికెళ్లి షెడ్డు పెట్టుకోవాలి. అక్కడి ఆచారం అది. ఓబులేసు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఉస్తాద్ టీ తాగుతూ ఊరుకున్నాడు.

"మొన్ననే కదప్పా బాగుచేసిస్తివి," అంది అరుంధతమ్మ టీచరు, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "రైల్వే గేటు కాడికి పోయేసరికి మళ్లా మొండికేసింది. లోపల ఉడికిపోతిని."

కారులో ఏసీ పోయి నాలుగేళ్లు. మిగతా మూడు అద్దాలూ ఏనాడో బిగుసుకుపోయాయి. ఆమెకు గాలి వచ్చేది ఈ ఒక్క అద్దంలోంచే.

మొదటిసారి ఓబులేసు మీట మార్చాడు. రెండోసారి ఏకంగా మోటారే మార్చాడు. రెండుసార్లూ ఆమె ఎదురుగానే అద్దం దించి, ఎక్కించి చూపించాడు. ఇప్పుడూ తలుపు బార్లా తెరిచి, పక్కన నిలబడి మీట నొక్కాడు. అద్దం బుద్ధిగా దిగింది. బుద్ధిగా ఎక్కింది.

"చూడండి ఉస్తాద్! కారులో ఏమీ లేదు," అన్నాడు విసుగ్గా. గొంతు తగ్గించాననుకుని, "ఆమెకే మీట నొక్కేది రాదు," అని కూడా అన్నాడు.

టీచరమ్మ విన్నది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, తల దించుకుంది.

దస్తగిరి టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

"కూర్చో," అన్నాడు.

"ఎక్కడ ఉస్తాద్?"

"ఆమె కూర్చునే చోట."

ఓబులేసు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఉస్తాద్ తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఎండ నడినెత్తిన ఉంది. ఓబులేసు మీట నొక్కాడు. అద్దం కదల్లేదు. గట్టిగా నొక్కాడు. వేలు మార్చి నొక్కాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అద్దం అవతల ఉస్తాద్ వీపు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"ఉస్తాద్! తీయండి!"

ఉస్తాద్ పక్కకు జరిగి తలుపు తెరిచాడు. ఓబులేసు వేలు ఇంకా మీట మీదే ఉంది. అద్దం సర్రున దిగింది.

ఓబులేసు కిందికి దిగలేదు. తలుపు మూసి మీట నొక్కాడు, అద్దం కదల్లేదు. తెరిచి నొక్కాడు, కదిలింది. తలుపు మడతబందుల దగ్గర, బండిలోంచి తలుపులోకి వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం ఉంది. దాన్ని వెనక్కి లాగి చూశాడు. ఎర్ర వైరు పైతొడుగు బాగానే ఉంది, లోపలి రాగి తెగిపోయింది. తలుపు తెరిస్తే తెగిన కొనలు రెండూ తగులుతున్నాయి, మూస్తే విడిపోతున్నాయి. ఎన్నిసార్లు చూసినా తను తలుపు తెరిచే చూశాడు. తలుపు తెరుచుకుని కారు నడిపేవాళ్లు ఎవరుంటారు?

సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఓబులేసు కిందికి దిగాడు. తెగిన చోట కొత్త వైరు ముక్క వేసి అతికించాడు. మళ్లీ లోపల కూర్చుని తలుపు మూసుకున్నాడు. మీట నొక్కితే అద్దం కిందికంటా దిగింది. అవతల టీచరమ్మ నిలబడి ఉంది.

"అమ్మా, మీరు నొక్కింది సరిగానే నొక్కినారు," అన్నాడు. "నేనే సరిగా చూడలా."

దిగిన అద్దంలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. పిడి అరిగిన టెస్ట్ లైటును అతని ఒళ్లో పెట్టింది.

"శుక్రవారం తెరువు," అన్నాడు ఉస్తాద్. "తలుపేసి చూడు, చాలు."