నవ్వడం నేర్చుకున్న బంగాళాదుంప

ఒకప్పుడు బంగాళాదుంప ఎంత ఉడికినా తొక్క పగిలేది కాదు. అలకపాన్పెక్కిన అల్లుడిలా మూతి బిగించుకుని కూర్చునేది.

ఆ రోజుల్లో ఐర్లండ్‌లో, ఎప్పుడూ వాన కురిసే ఓ కొండవాలున షివాన్ అనే ఆవిడ ఉండేది. మధ్యాహ్నమయ్యేసరికి ఆమె పొయ్యి మీద పెద్ద ఇనప కుండలో దుంపలు కుతకుతా ఉడికేవి. ముందు ఆమె భర్త డోనల్ బల్ల దగ్గర కూర్చుని పెద్దపెద్దవి ఏరుకునేవాడు. తర్వాత కూతురు ఊనా, ముగ్గురు తమ్ముళ్ళు. షివాన్ మాత్రం నిలబడి అందరికీ మజ్జిగ పోసేది. చివరికి బల్ల మీది బుట్టలో ఏం మిగిలితే అదే ఆమె భోజనం.

ఆ ఏడు పంట తక్కువ. ఏమీ మిగలడం లేదు.

"నాకు ఆకలి లేదులే," అంది షివాన్, కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటూ.

"వరసగా మూడోరోజు ఇదే అబద్ధం!" అని బుసకొట్టింది కుండ.

మర్నాడు దుంపలు పంతం పట్టాయి. మంట ఎంత పెట్టినా మెత్తబడవే! డోనల్ ఒకటి కొరికి దవడ పట్టుకున్నాడు.

"ఏమే, రాళ్ళు ఉడకేశావా?"

"రాళ్ళం కాదు!" కుండలోంచి ఓ లావుపాటి దుంప తల ఎత్తింది. "మమ్మల్ని కన్న విత్తనపు దుంప మాకు పెట్టి పెట్టి మట్టిలోనే వట్టి తోలైపోయింది. పక్కనే ఉండి చూశాం, ఏమీ చెయ్యలేకపోయాం. ఇక్కడ ఇంకో అమ్మ అలా అవుతుంటే ఊరుకోం. ఆవిడ కూర్చోవాలి, మీతోపాటే! అప్పటిదాకా ఉడకం గాక ఉడకం."

"ఆవిడ కూర్చుంటే మజ్జిగ ఎవరు పోస్తారు?"

"చేతులు నీకూ ఉన్నాయిగా నాన్నా!" అంది ఊనా. తమ్ముళ్ళు కిసుక్కుమన్నారు.

ఊనా ఊరుకోలేదు. కుండ దించి నేల మధ్యలో పెట్టింది. నీళ్ళు వంచేసి, దుంపల్ని బుట్టలో పోసి, బుట్టను కుండ మూతి మీద నిలిపింది. చుట్టూ పీటలు వేసింది.

"బల్లకైతే ముందూ వెనకా ఉంటాయి. గుండ్రటి బుట్టకు చివరెక్కడో చూపించు నాన్నా!"

అంటూ అమ్మను లాక్కొచ్చి కూర్చోబెట్టింది. డోనల్ కాసేపు తల గోక్కున్నాడు. లేచి, మజ్జిగ కూజా అందుకుని, మొదటి గ్లాసు షివాన్‌కి పోశాడు.

"తాగు. ఇంత చిక్కిపోయావు, నేను చూడనే లేదు."

అంతే, దుంపల పంతం కరిగింది. ఒకటి కిలకిలా నవ్వింది. దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఇంకోటి. టప్, టప్‌మని తొక్కలు పగిలాయి, లోపలి తెల్లటి పిండి బయటికొచ్చింది.

షివాన్ ఒకటి తీసి ఉప్పులో అద్దుకుంది. "అబ్బ, కాలుతోంది!" అంది సంతోషంగా. "వేడిది తిని ఎన్నేళ్ళయిందో!"

అప్పటినుంచే మంచి బంగాళాదుంప ఉడకగానే తొక్క పగిలి, పకపకా నవ్వుతుంది.