తోడేళ్ళ వంశంలో బొల్లిగాడు

కోతలైపోయిన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మందను నిలిపే రోజులవి. తడిసిన గొంగళి వాసన, సాయంత్రం తల్లుల కోసం గొర్రెపిల్లలు అరిచే అరుపులు ఇప్పుడు తలచుకున్నా ప్రాణం లేచొస్తుంది. అలాంటి ఒక మందకు బొల్లిగాడనే కుక్క కాపలా. కాపరి సంకటి తినడానికి ఊళ్ళోకి పోయాడంటే మందంతా వాడి మీదే.

గొర్రెపిల్ల మీద కన్నేసిన నక్క ఒకరోజు గట్టు మీద నుంచి పలకరించింది.

"బొల్లన్నా, నీ చెవులు చూస్తాంటే అనుమానం తీరిపోయింది. మీ ముత్తాత తోడేలంట కదా."

"ఎవరు చెప్పినారు?"

"కొండంతా చెప్పుకుంటాంటే నీకు తెలీదా? పాపం, దాచిపెట్టినారు."

మధ్యాహ్నానికి బొల్లిగాడు మారిపోయాడు. సంకటి ముద్ద ముట్టలేదు. మోర పైకెత్తి ఊళ వేయడం నేర్చుకున్నాడు.

"నక్క చెప్పింది, మా తోడేళ్ళ వంశాన్ని తరతరాలుగా గొలుసులతో కట్టేసినారు," అన్నాడు ముసలి గొర్రె నల్లవ్వతో.

"నీకు గొలుసెప్పుడేసినారు నాయనా?"

"ఆ బాధ గొర్రెలకేం తెలుస్తాదిలే."

నల్లవ్వ మనసు చివుక్కుమంది.

పొద్దుగూకే వేళ కాపరి ఊళ్ళోకి పోగానే, వీడు చుట్టాలను వెతుక్కుంటూ కొండెక్కాడు. అక్కడ పళ్ళూడిన తోడేలొకటి వాడిని అటూ ఇటూ వాసన చూసింది.

"ఒళ్ళంతా గొర్రె వాసనే. నిన్ను చూస్తే చుట్టమనిపించడం లేదబ్బా, ఆకలేస్తాంది."

బొల్లిగాడు ఏడుపు ఆపుకోలేక ఊళ వేస్తూ వెనక్కి పరుగెత్తాడు.

అప్పటికే నక్క మంద చుట్టూ వేసిన ముళ్ళకంచె దూరి గొర్రెపిల్ల కాలు నోట కరిచింది. ఊళ వినగానే నల్లవ్వ అడ్డం నిలబడింది.

"వినపడిందా నక్కబావా? మావాడు చుట్టాలను పిల్చుకొస్తాండాడు. ఆ చుట్టరికం కలిపింది నువ్వే కదా, ఉండి పలకరించి పో."

నక్క పిల్లను వదిలేసి, తోక బొచ్చు సగం ముళ్ళకంచెకే అప్పగించి పారిపోయింది.

బొల్లిగాడు వచ్చి కంచె బయటే తల వంచుకు నిలబడ్డాడు.

"అవ్వా, తోడేలును కానంట. గొర్రెనూ కాను. మరి నేనెవరిని?"

"మీ అమ్మ చచ్చినప్పుడు నువ్వు కండ్లు తెరవని కూనవి. నా పిల్ల కూడా ఆ పొద్దే పోయింది. దాని తోలు నీకు కప్పి కాపరి నా పొదుగు కాడ పెట్టినాడు, వాసనకు నా బిడ్డే అనుకుంటానని."

"అనుకున్యావా?"

"లేదు. కుక్కవని అప్పుడే తెలుసు. అయినా పాలిచ్చినా. లోపలికి రా, మంచు పడతాంది."

మన తాతముత్తాతల గొప్ప చెప్పేవాడు ఎదురైతే, వాడి చూపు మన కంచె మీద ఉందేమో ముందు చూసుకోవాలి.