పళ్ళ దస్తగిరి గీసిన గీత

ఎన్నేళ్ళ కిందటి మాటో లెక్క తెలియదు. ఈ మాట చెప్పినవాళ్ళూ, వాళ్ళకు చెప్పినవాళ్ళూ మట్టిలో కలిసిపోయారు. మాట మాత్రం మిగిలింది. ఊ కొట్టేవాళ్ళు కొట్టండి, కళ్ళు మూతపడేవాళ్ళు పడుకోండి, నేను చెప్పుకుంటూ పోతాను.

పెన్నేటి ఒడ్డున మూడు పల్లెలు. ఎగువపల్లె, నడిమిపల్లె, దిగువపల్లె. పల్లె ఉన్నాక మనుషులుంటారు. మనుషులున్నాక పళ్ళుంటాయి. పళ్ళున్నాక నొప్పి ఉంటుంది. మూడు పల్లెల నొప్పికీ దిక్కు ఒక్కడే, దూదేకుల దస్తగిరి.

అతని తాత దూది ఏకాడు. తండ్రి దూది ఏకాడు. దస్తగిరికి మాత్రం ఆ దుమ్ము పడలేదు. దూది ఏకే విల్లు పట్టుకుంటే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అందుకని పళ్ళు పీకడం నేర్చుకున్నాడు. చేతిలో పటకారు, భుజాన సంచి. సంచిలో లవంగనూనె సీసా, గుప్పెడు ఉప్పు, నూలుదారం. అదీ అతని ఆస్తి.

అతని ఇల్లు ఏ పల్లెలోనూ లేదు, ఏటికి అవతలి ఒడ్డున ఉండేది. పొద్దున ఎగువపల్లె. మధ్యాహ్నం నడిమిపల్లె. పొద్దు వాలేటప్పటికి దిగువపల్లె. అతని దగ్గరకు నవ్వుతూ వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఏడుస్తూ వచ్చేవాళ్ళు, మూలుగుతూ వచ్చేవాళ్ళు, తిడుతూ వచ్చేవాళ్ళు. పన్ను పోతే నొప్పి పోయేది. నొప్పి పోతే దస్తగిరిని మరిచిపోయేవాళ్ళు. దారిలో ఎదురైతే చెంప మీద చెయ్యి పెట్టుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. "వాని మొగం చూస్తే బాగుండే పన్ను కూడా సలుపుతుందప్పా" అనేవాళ్ళు.

ఇరవై ఏళ్ళు అట్లా తిరిగాడు. అరికాళ్ళు పగిలాయి. నడుము వంగింది. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడితే, సంచి దించుకునే ఓపిక కూడా ఉండేది కాదు. పెండ్లాం కాశింబీనే దించేది. ఇంతలో ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చి మూలిగేవాళ్ళు. దస్తగిరి నిట్టూర్చేవాడు. లేచేవాడు. పటకారు తీసుకునేవాడు.

అన్ని కాలాలూ ఒక ఎత్తు, ఎండాకాలం ఒక ఎత్తు.

ఎండాకాలం పెన్న ఎండిపోతుంది. ఏరంతా ఇసుకే. కోతలైపోయి మగవాళ్ళ చేతులు ఖాళీగా ఉంటాయి. అప్పుడు మూడు పల్లెల వాళ్ళూ ఇసుకలోకి దిగి చెడుగుడు ఆడేవాళ్ళు. ఇప్పుడు మీరు చూసే ఆట అనుకోకండి. ఆ ఆటకు గీత లేదు, లెక్క లేదు, ఆపేవాడు లేడు. అటు ఇరవైమంది ఉంటే ఇటు నలభైమంది. ఒకడు చెడుగుడు చెడుగుడు అంటూ కూతకు పోతాడు. కూత ఆగితే వాడు చచ్చినట్టు. మరి కూత ఆగాలంటే ఎట్లా? నోరు మూయించాలి. నోరు మూయించాలంటే? గుద్దాలి. గుద్దేవాళ్ళు. మూతి మీదే గుద్దేవాళ్ళు.

ఆట అయ్యేసరికి ఇసుకలో నెత్తుటి చుక్కలు. నెత్తుటి చుక్కల పక్కన పళ్ళు.

ఒక ఎండాకాలం, ఇంకో తొమ్మిది రోజుల్లో పెళ్ళి పెట్టుకున్న పెళ్ళికొడుకు, తన ముందరిపళ్ళు రెండూ అరచేతిలో పట్టుకుని వచ్చాడు. దస్తగిరి నిట్టూర్చాడు. లేచాడు. పళ్ళు కడిగి, చిగుట్లోకి నొక్కి, పక్క పళ్ళకు నూలుదారంతో కట్టాడు. "తొమ్మిది దినాలు జావ తాగు. నవ్వొద్దు" అన్నాడు. పెళ్ళిపీటల మీద ఆ పిల్లోడు మూతి బిగించి కూర్చున్నాడు. పెళ్ళికూతురు తనంటే ఇష్టం లేదేమోనని మూడు నెలలు కుమిలిపోయిందట.

ఆ ఎండాకాలమే కాశింబీ అడిగింది.

"ఏమయ్యా, పీకీ పీకీ నీ చేతులు అరిగిపాయె. ఆ ఆట ఆపమని చెప్పకూడదా?"

"నేనెవరు చెప్పేదానికి? పళ్ళు పీకేవాణ్ణి."

"పీకేవానికి కాక ఇంకెవరికి తెలుస్తాది ఆ బాధ?"

దస్తగిరి గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

ఆ మరుసటి ఎండాకాలం ఎగువపల్లెకూ దిగువపల్లెకూ ఆట పడింది. ఎగువపల్లెలో కుమ్మరి ఈరమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సిద్దయ్య, చిన్నవాడు గంగులు. సిద్దయ్యది పెద్ద దమ్ము. కూత ఎత్తితే తెగేది కాదు. ఆ రోజు ముగ్గుర్ని తాకి, తెగని కూతతో వెనక్కి పరుగెత్తాడు. దిగువపల్లె వాళ్ళు అడ్డం పడ్డారు. పిడికిలి మూతికి తగిలింది. ఎవరి పిడికిలో ఎవరూ చెప్పలేదు. అన్ని పిడికిళ్ళూ పైకి లేచాయి మరి.

సిద్దయ్య ఇసుకలో పడ్డాడు. గొంతు పట్టుకుని కొట్టుకుంటున్నాడు. దమ్ము తెగిందని అటువాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒడ్డు మీద కూర్చున్న దస్తగిరికి మాత్రం అర్థమైంది. సంచి వదిలేసి పరుగెత్తాడు. నోరు తెరిచాడు. ముందరిపన్ను లేదు. గొంతులోకి వేళ్ళు పెట్టాడు. పన్ను వేలికి తగిలింది. తగిలి జారిపోయింది. ఇంకాస్త లోపలికి పెట్టాడు. ఇంకాస్త జారిపోయింది. బోర్లా తిప్పి వీపు మీద చరిచాడు. ఎంత చరిచినా రాలేదు. సిద్దయ్య కాళ్ళు ఇసుకను తన్నడం మానేశాయి.

ఈరమ్మ వచ్చింది. ఏడవలేదు. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని దస్తగిరి చేతులకేసి చూసింది.

"మూడు పల్లెల పళ్ళు పీకినావు గదా నాయనా. ఆ ఒక్కటీ తీయలేకపోతివా?"

దస్తగిరి ఆ రోజు ఇంటికి ఎట్లా వచ్చాడో అతనికే తెలియదు. అన్నం ముట్టలేదు. కుండలో నీళ్ళు తెచ్చుకుని చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. కాశింబీ వచ్చి కుండ తీసి అవతల పెట్టేదాకా కడుక్కుంటూనే ఉన్నాడు.

"పోయి చెప్పొస్తా" అన్నాడు.

తెల్లవారి ఎగువపల్లె పెద్ద దగ్గరకు పోయాడు. "సామీ, మూతి మీద గుద్దొద్దని ఒక్కమాట చెప్పండి" అన్నాడు. ఎగువపల్లెలో అప్పటికే కట్టెలు చెక్కుతున్నారు. పెద్ద అన్నాడు: "మా బిడ్డను చంపితే మేం ఊరుకుంటామా? పళ్ళు పీకేవానివి, పళ్ళు పీకు పో."

నడిమిపల్లె పెద్ద దగ్గరకు పోయాడు. "కొట్టుకుంటే వాళ్ళు వాళ్ళు కొట్టుకుంటారు, మనకెందుకు? పళ్ళు పీకేవానివి, పళ్ళు పీకు పో."

దిగువపల్లె పెద్ద చిన్నపరెడ్డి దగ్గరకు పోయాడు. చిన్నపరెడ్డి మంచం మీద నుంచి లేవనైనా లేదు. "తాతల కాలం నుంచీ ఆడుతున్న ఆటకు నువ్వు నేర్పుతావా బుద్ధి? పళ్ళు పీకేవానివి, పళ్ళు పీకు పో."

మూడు గడపలు ఎక్కాడు, మూడు గడపలు దిగాడు. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఒక ఆటగాడు బుగ్గ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "దస్తగిరన్నా, దవడపన్ను చంపుతోందన్నా."

దస్తగిరి నిట్టూర్చాడు. లేవలేదు.

"నేను పీకను" అన్నాడు.

"ఏందన్నా?"

"ఆడోళ్ళు వస్తే పీకుతా. పిల్లలొస్తే పీకుతా. ముసలోళ్ళొస్తే పీకుతా. ఆడేవాళ్ళ నోట్లో, ఆడించేవాళ్ళ నోట్లో చెయ్యి పెట్టను. నా చేతులు అలిసిపోయినాయని చెప్పు మూడు పల్లెల్లో."

జనం నవ్వారు. ఎన్నాళ్ళుంటాడులే అనుకున్నారు. ఒక వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. మూడో వారం చిన్నపరెడ్డి దవడ వాచింది. లవంగం పెట్టారు, తగ్గలేదు. చుట్ట పొగ పట్టారు, తగ్గలేదు. మంత్రం వేయించారు, ఇంకాస్త వాచింది. దవడకు గుడ్డ కట్టుకుని, దిగువపల్లె దొర దస్తగిరి అరుగు దగ్గరకు నడుచుకుంటూ వచ్చాడు. అతని వెనక నడిమిపల్లె పెద్ద, ఆటలో విరిగిన పన్నుతో జ్వరం పట్టిన కొడుకును పట్టుకుని వచ్చాడు. ఎగువపల్లె పెద్దకు ఏ నొప్పీ లేదు. ఆ ఇద్దరూ పోయారని తెలిసి, ఏం మాట్లాడుకుంటారోనని వచ్చాడు.

"ఏం కావాలో చెప్పు, చెప్పి పీకు" అన్నాడు చిన్నపరెడ్డి, నోరు సగమే తెరుచుకుంటుంటే.

"మూడు మాటలు సామీ" అన్నాడు దస్తగిరి. "అటు ఎంతమందో ఇటూ అంతేమంది. ఇది ఒకటి. నడుమ గీత గీయాల. దమ్ముతో గీత దాటి వచ్చినోడు బతికినట్టు, దమ్ము తెగినోడు చచ్చినట్టు. ఇది రెండు. నడుము పట్టుకోండి, కాళ్ళు పట్టుకోండి. మెడకు పైన చెయ్యి పడితే వాడు ఆట నుంచి బయటికే. ఇది మూడు."

"గుద్దకపోతే దమ్ము తెగిందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు ఎగువపల్లె పెద్ద. "ప్రతివాడూ తెగలేదనే అంటాడు."

దస్తగిరి లేచి వచ్చి, చిన్నపరెడ్డి గొంతు కింద, రెండు ఎముకల నడుమ వేలు పెట్టాడు.

"ఈడ గుంట ఉంది చూడండి సామీ. ఊపిరి లోపలికి పోతే ఈ గుంట లోతవుతాది. ఎంత దొంగచాటుగా పీల్చినా లోతవుతాది. ఊపిరి వదిలేటప్పుడు పన్ను లాగితే నొప్పి తక్కువ. అందుకని ఇరవై ఏళ్ళుగా నేను చూసేది పన్నును కాదు, ఈ గుంటనే. గీత కాడ నేను కూర్చుంటా. నేను చెప్తా."

ముగ్గురు పెద్దలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను ఏ పల్లెవాడూ కాదు. అందరి నోళ్ళూ చూసినవాడు. "సరే పో" అన్నారు.

దస్తగిరి పటకారు తీసుకున్నాడు.

నాలుగో రోజు ఆట. ఎగువపల్లె, దిగువపల్లె. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. మూడు పల్లెల జనం ఒడ్డు మీద నిలబడ్డారు. సగంమంది వెనక కట్టెలున్నాయి. దస్తగిరి మడమతో ఇసుకలో ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాడు. గీత పక్కన కూర్చున్నాడు.

ఆట సాగింది. పట్టుకున్నారు, పడ్డారు, లేచారు. కడపటికి ఎగువపల్లె వైపు మిగిలింది ఒక్కడే, చచ్చిపోయిన సిద్దయ్య తమ్ముడు గంగులు. అటు ఇద్దరు. గంగులు కూత ఎత్తాడు. అన్న కూత లాగే ఉందని జనం గుసగుసలాడారు. ఒకణ్ణి తాకాడు. రెండోవాణ్ణి తాకాడు. రెండోవాడు కాలు పట్టుకున్నాడు. గంగులు వాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇంకా కూత వినిపిస్తూనే ఉంది. చెయ్యి చాచి గీత మీద పడ్డాడు. ఎగువపల్లె అంతా కేక పెట్టింది.

దస్తగిరి కేక పెట్టలేదు. గంగులు పడకముందు, గీతకు మూరెడు దూరంలో, గొంతు కింద గుంట లోతు కావడం చూశాడు. రెప్పపాటే. అతనొక్కడే చూశాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈరమ్మ ఒడ్డు మీద కూర్చుని ఉంది. ఒక కొడుకును ఈ ఇసుకలోనే పోగొట్టుకుంది. రెండో కొడుకు గెలిచాడని ఆమె మొహంలో అప్పుడే చిన్న వెలుగు కనపడింది. ఆ వెలుగును ఆర్పడానికి అతనికి ఓపిక లేదు. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఇంటికి పోయి పడుకోవాలని ఉంది.

లేచి నిలబడ్డాడు.

"దమ్ము తెగింది" అన్నాడు. "మూరెడు దూరాన తెగింది."

ఒడ్డు మీద కట్టెలు లేచాయి. "లంచం తిన్నాడు!" అని ఒకడు. "వాణ్ణే ముందు కొట్టండి!" అని ఇంకొకడు. దస్తగిరి పరుగెత్తలేదు. ఆ ఓపికా లేదు. గీత మీదే కూలబడ్డాడు.

ఈరమ్మ లేచి ఇసుకలోకి దిగింది. జనం పక్కకు తప్పుకున్నారు. వచ్చి అతని ఎదుట నిలబడింది.

"నువ్వు చూసినావా నాయనా?"

"చూసినానమ్మా."

"నా మొగం చూసి చెప్పు."

దస్తగిరి తలెత్తి చెప్పాడు. "తెగిందమ్మా."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "గంగులూ, నిజం చెప్పు, పీల్చినావా?"

గంగులు ఇసుకలోకి చూశాడు. "కొంచెం అమ్మా" అన్నాడు.

"అయితే చచ్చినట్టే. రా, నా పక్కన కూర్చో" అంది ఈరమ్మ. "నువ్వు ఆటలో చచ్చినావు, ఇంటికి బతికి వచ్చినావు. నాకు అది చాలు."

కట్టెలు ఒకటొకటే కిందికి దిగాయి.

దిగువపల్లె గెలిచింది. గెలిచామని ఎవరూ ఎగరలేదు. దస్తగిరి ఆటగాళ్ళ దగ్గరకు పోయి, ఒక్కొక్కరినీ నోరు తెరవమన్నాడు. పద్నాలుగు నోళ్ళు చూశాడు. అందరి పళ్ళూ ఉన్నాయి. ఏడవకుండా, మూలగకుండా, తిట్టకుండా మనుషులు అతని ముందు నోరు తెరవడం అదే మొదలు. అతను ఇంటికి పోయి, మరుసటి రోజు మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. కాశింబీ ఎవర్నీ వాకిట్లోకి రానివ్వలేదు.

ఆ తరవాత ఇరవై ఎండాకాలాలు గీత దగ్గర కూర్చున్నాడు. అతని పళ్ళన్నీ ఊడిపోయాయి. చూపు మందగించింది. ఒక వానాకాలం, పెన్న రెండు ఒడ్లూ నిండి పారుతున్నప్పుడు, "అలుపుగా ఉంది కాశీ" అన్నాడట. పడుకున్నాడట. లేవలేదట. ఏరు దాటి ఎవరూ రాలేకపోయారు. ఏటి నీళ్ళు తగ్గేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది.

ఇప్పటికీ ఆ పక్క ఎండాకాలం ఇసుకలో చెడుగుడు ఆడితే, గీతను మడమతోనే గీస్తారు. ఆట అయ్యాక అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఎదురెదురుగా నిలబడి నోళ్ళు తెరిచి చూపించుకుంటారు. "పళ్ళు పదిలమా?" అని ఇటువాళ్ళు అడుగుతారు. "పదిలమే" అని అటువాళ్ళు అంటారు. అది అననిదే ఎవరూ ఇంటికి పోరు.

ఇంకొకటి కూడా ఉంది. ఆట నడుమ ఎవడైనా అలిసిపోయి గీత మీద కూలబడితే, రెండు వైపులవాళ్ళూ ఆగుతారు. లే అని ఎవరూ అనరు. ముట్టుకోరు. వాడంతట వాడు లేచేదాకా చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు తొందరపెడితే, పెద్దవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టి అంటారు:

"కూర్చోనీలేప్పా. దస్తగిరి కూర్చున్నాడనుకో."