అరవై ప్రశ్నలు, ఒక్క ప్రశ్న

వెనకటికి సిరివరం అనే చిన్న రాజ్యాన్ని ఉదయాదిత్యుడు ఏలుతుండేవాడు. మంచివాడే గాని, పొగడ్త చెవిన పడితే ఇక మరో మాట వినిపించుకునేవాడు కాదు.

ఆయన వంటశాలలో నలభైమంది పనిచేసేవారు. వాళ్లలో తొమ్మిదిమంది రెండు నెలల్లోనే పొరుగు రాజ్యానికి వెళ్లిపోయారు. చూస్తే రాకుమార్తె పెళ్లి దగ్గరపడుతోంది. రాజుకు దిగులు పట్టుకుంది.

"మన కొలువులో వాళ్లకేం లోటో కనుక్కోండి" అని మంత్రి శేషాద్రికి చెప్పాడు.

మంత్రి తాటాకుల మీద అరవై ప్రశ్నలు రాయించాడు. వంటశాల ముందు ఎత్తైన ఆసనం వేయించుకుని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు.

"ప్రభువుల దయ బాగుందా, చాలా బాగుందా?"

"చాలా బాగుందండి."

పక్కనున్న లేఖకుడు పేరుతో సహా రాసుకున్నాడు. ఇరవయ్యో ప్రశ్న దాటేసరికి వాళ్లు వినడం మానేసి ఊరికే తలలూపారు. లోపల పొయ్యి మీద పప్పు మాడింది.

నివేదిక విని రాజు మురిసిపోయాడు. మర్నాడు పొద్దున్నే మరో ఇద్దరు మూటలు సర్దుకుని వెళ్లిపోయారు.

"అందరూ సుఖంగా ఉన్నామన్నారు కదా, మరెందుకు పోతున్నారు?" అన్నాడు రాజు.

కొలువులో వల్లభుడనే కవి ఉన్నాడు. మాట నెమ్మది, చూపు చురుకు. "ఆ సంగతి నేను చూస్తాను ప్రభూ. ముందు భోజనం వేళ తమరిని ఒక ప్రశ్న అడగనివ్వండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం రాణి స్వయంగా కాకరకాయ పులుసు వండి వడ్డించింది. వల్లభుడు లేఖకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"ప్రభూ, రాణీవారి పులుసు బాగుందా, చాలా బాగుందా?"

రాణి విసనకర్ర ఆపి చూసింది. రాజు గొంతు సవరించుకుని, "చాలా బాగుంది" అన్నాడు. లేఖకుడు రాసుకున్నాడు.

తర్వాత తోటలో ఇద్దరే ఉన్నప్పుడు వల్లభుడు మళ్లీ అడిగాడు. "ఇక్కడ వినేవాళ్లు లేరు, రాసేవాళ్లూ లేరు. ఆ పులుసులో ఒక్కటి మార్చాలంటే ఏం మారుస్తారు?"

"బెల్లం" అనేశాడు రాజు. "కాస్త తగ్గిస్తే..." అంటూ ఆగిపోయాడు. సంగతి అర్థమై వల్లభుడి భుజం తట్టాడు. "వెళ్లు వల్లభా, ఈసారి నువ్వే అడిగిరా."

వల్లభుడు వంటశాల వెనక నేలమీద కూర్చుని, వాళ్లతోపాటు వంకాయలు తరిగాడు. అందరికీ నమ్మకమైన మనిషి ఓబులమ్మ అక్కడే పచ్చడి నూరుతోంది.

"అవ్వా, రేపటికల్లా ఇక్కడ ఒక్కటి మారాలంటే ఏది మారాలో అందరినీ నువ్వే అడిగి చెప్పు. ఎవరేమన్నారో నాకొద్దు" అన్నాడు.

సాయంత్రానికి ఓబులమ్మ వచ్చింది. "అందరిదీ ఒకటే మాట బాబుగారూ. పొగ. మంత్రిగారి కొత్త మేడకు పొగ తగులుతోందని మా పొగగొట్టం మూయించారు. అప్పట్నుంచి ఊపిరాడటం లేదు. ఆయన ఎదుటే ఆ మాట ఎట్లా చెప్పమంటారు?"

వల్లభుడి నోట ఆ మాట విని, మర్నాడు రాజు అతన్నీ మంత్రినీ వెంటబెట్టుకుని నేరుగా వంటశాలలోకి నడిచాడు. అన్నం ఒక పొంగు వచ్చేలోపే మంత్రి కళ్లు ధారలు కట్టాయి.

"అరవై ప్రశ్నల్లో ఈ పొగ గురించి ఒక్కటైనా ఉందా మంత్రిగారూ?" అన్నాడు రాజు.

మంత్రి దగ్గుతూ తల అడ్డంగా ఊపాడు. రాజు తన కళ్లూ తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు. అక్కడే నిలబడి పొగగొట్టం తెరిపించాడు. వేలి ఉంగరం తీసి వల్లభుడికి తొడిగి, మూడు నెలలకొకసారి వచ్చి అడిగే పని అతనికే అప్పగించాడు.

పెళ్లినాటికి, వెళ్లినవాళ్లలో ఏడుగురు తిరిగొచ్చారు. మూడు నెలలు గడిచాక వల్లభుడు వంటశాల వెనక్కి వెళితే, అతను నోరు విప్పకముందే ఓబులమ్మ చాప పరిచింది.

"కూర్చోండి బాబుగారూ, ఈసారి చాలా ఉన్నాయి" అంది.