సైదులు అప్పజెప్పిన పాఠాలు

మగవాడి పేరు మీద ఆడగొంతు వినబడింది. ఆ రోజు నాకొచ్చిన సమస్య అదీ.

పేరు దూదేకుల సైదులు. చీమకుర్తి పక్కన ఏదో పల్లె. మా సామి తత్వాలు నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరి తొమ్మిది పాఠాలు అప్పజెప్పాడు. తొమ్మిదో రికార్డింగు నొక్కితే ముందు కాసేపు తాళాలు మోగాయి, తర్వాత ఒకావిడ పాట అందుకుంది. ఎనిమిదోది నొక్కాను. ఆవిడే. ఒకటోదాని దాకా వెనక్కి వెళ్ళాను. అన్నీ ఆవిడే.

అంటే ఇన్నాళ్ళూ నేను మొదట్లో మోగే తాళాలు నాలుగు సెకన్లు విని, ఏదో వస్తోందిలే అని టిక్కు పెట్టి వదిలేశానన్నమాట. ఆ సంగతి ఆ పూట నాకు తట్టలేదు. నన్నే మోసం చేస్తాడా అని ఒళ్ళు మండిపోయింది.

మా సామి నాగలింగాచారి. పొదిలి రోడ్డు మీద తలుపులూ దర్వాజాలూ చేసే వడ్రంగి. పొద్దంతా చిత్రిక పడతాడు, పడుతూనే తత్వాలు చెప్తాడు. ఆయన దగ్గర పన్నెండు తత్వాలున్నాయి. గురువు నోటి నుంచి ఆయన నోటికి వచ్చాయి గాని కాగితం మీద ఎక్కడా లేవు. ఒకటి విని, నోటికి పట్టుకుని, తిరిగి అప్పజెప్తే గాని రెండోది చెప్పడు. పన్నెండూ అయినవాళ్ళని మాఘ పౌర్ణమి నాడు పక్కన కూచోబెట్టుకుని చెవిలో ఒక మాట చెప్తాడు. ఎవరెవరో ఎంతెంత దూరాల నుంచో వచ్చేది ఆ మాట కోసమే.

నా పేరు తిరుపాలు. ఒంగోల్లో ఒక కాలేజీలో పనిచేసేవాణ్ణి. పిల్లల్ని ఆన్‌లైన్ కోర్సుల్లో చేర్చడం, పాస్‌వర్డు మర్చిపోయినవాడికి కొత్తది ఇవ్వడం, ఎవడు ఎంతవరకు చదివాడో పట్టిక తీయడం, ఇదీ నా ఉద్యోగం. సామి దగ్గరికి చేరాక ఆయన్ని బతిమాలి అలాంటిదే ఒకటి పెట్టాను. ఆయన తత్వాలు రికార్డు చేసి ఎక్కించాను. విన్నవాళ్ళు తాము పాడింది పంపాలి. నేను సరే అంటే తర్వాతి పాఠం తెరుచుకుంటుంది.

"అప్పజెప్పిన తర్వాతే ఇంకోటి. అది మాత్రం తప్పబాకబ్బయ్యా," అన్నాడు సామి. ఆయన పెట్టిన నియమం అదొక్కటే. మిగతా ఇరవై రెండు నియమాలూ నేనే రాశాను.

నూట అరవై మంది చేరారు. కువైట్ నుంచి కూడా చేరారు. నా తల కాస్త పైకి లేచిన మాట నిజమే.

ఇప్పుడు అసలు సిగ్గుమాలిన ముక్క చెప్పాలి. మొదట్లో, పన్నెండూ అయ్యాక సర్టిఫికెట్ సరిగ్గా వస్తుందో లేదో చూద్దామని నా పేరునే విద్యార్థిగా ఎక్కించి, పన్నెండు పాఠాలకీ నేనే టిక్కులు పెట్టుకున్నాను. సర్టిఫికెట్ బ్రహ్మాండంగా వచ్చింది. ఆ టిక్కులు తర్వాత తీసేద్దామనుకున్నాను. ఈలోపు జనం చేరారు. పూర్తి చేసినవాళ్ళ పట్టికలో అందరికంటే పైన నా పేరు కనబడింది. "తిరుపాలు గారికి వందనాలు, మీరే మాకు దారి," అని కింద ఎవరో రాశారు. ఇంకొకరు పూలదండ బొమ్మ పెట్టారు. ఇక తీయబుద్ధి కాలేదు. రికార్డు చేసింది నేనే, వందసార్లు విన్నది నేనే, నాకు రాకుండా ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. ఒక్కటంటే ఒక్కటీ సామికి అప్పజెప్పలేదు.

అలాంటివాణ్ణి సైదులు మీద విరుచుకుపడ్డాను. కోర్సు నుంచి పేరు తీసేసే మీట నొక్కాను. "ఇతని రికార్డింగులన్నీ పోతాయి, ఖాయమేనా?" అని కంప్యూటరు అడిగింది. ఖాయమే అన్నాను. అక్కడితో ఊరుకున్నానా! నూట అరవై మందికీ కనబడేలా ప్రకటన పెట్టాను. "సైదులు అనే అతను వేరేవాళ్ళ చేత పాడించి గురువుగారిని మోసం చేశాడు. తొలగించాం. మళ్ళీ చేరాలంటే మొదటి పాఠం నుంచి సొంతంగా అప్పజెప్పాలి." దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు.

మూడో రోజు పొద్దున ఆ ఇద్దరూ వచ్చారు. పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుంది.

సామి ఒక దర్వాజా కమ్మీ చెక్కకి చిత్రిక పడుతున్నాడు. నేను పక్కనే బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాను. ముందు ఆవిడ లోపలికొచ్చింది, వెనక ఆయన. యాభై ఏళ్ళుంటాయి. మెడకి తెల్లగుడ్డ చుట్టుకున్నాడు. చేతిసంచీ గుండెలకి హత్తుకుని పట్టుకున్నాడు.

"ఇక్కడ తిరుపాలు సారెవరు?" అంది ఆవిడ.

గొంతు వినగానే పోల్చుకున్నాను. "నేనే."

"నా పేరు కాశింబీ. ఈయన సైదులు. క్వారీలో చేసేవాడు. గొంతుకి ఆపరేషనయ్యి మాట పోయింది సారూ. పాట నేను పాడాను. నేర్చుకున్నది ఈయన. ఒక్క ముక్క తప్పు పాడినా తాళం ఆపేసి మళ్ళీ పాడించేవాడు. మొదటి రోజే మీకు రాశాం కదా, ఇట్టా పాడొచ్చా అని."

"నాకేం రాలేదమ్మా," అన్నాను గట్టిగా.

అంటూనే సందేశాల పెట్టె తెరిచాను. చదవనివి నలభై మూడున్నాయి. అట్టడుగున ఉంది ఆవిడ రాసింది. "ఆయనకి మాట లేదు సారూ. నేను పాడతా, ఆయన తాళం వేస్తాడు. పరవాలేదంటే చెప్పండి. వద్దంటే మానేస్తాం."

ల్యాప్‌టాప్ మూత కొంచెం కిందికి దించాను, అదేదో ఆవిడకి కనబడకుండా ఉంటే చాలన్నట్టు.

"మోసం చేశాడని రాశారు," అంది కాశింబీ. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. "క్వారీలో వాళ్ళందరూ చదివారు. ఈయన తమ్ముళ్ళూ చదివారు. మూడు రోజుల్నించి అన్నం సయించటంలా ఈయనకి. మీకొక దణ్ణం. ఆ తొమ్మిదీ మళ్ళీ పెట్టండి. మిగతా మూడూ ఈ నాలుగు రోజుల్లో పట్టుకుంటాడు."

"అవి పోయాయమ్మా," అన్నాను. "తిరిగి రావు. నీ ఫోనులో..."

"ఫోను నిండిపోతే పంపినవి పంపినట్టు తీసేశాం."

అప్పుడైనా తప్పు నాదని అనొచ్చు కదా. అనలేదు. నా మెడ మీదున్నది తల కాదు, నియమాల పుస్తకం. "నియమం ప్రకారం మళ్ళీ మొదట్నుంచీ అప్పజెప్పాలి. ఎవరు చేరారో వాళ్ళే పాడాలి," అన్నాను.

చిత్రిక ఆగింది. సామి కమ్మీ మీది పొట్టు చేత్తో తుడిచాడు.

"అంతేగా అబ్బయ్యా? మొదట్నుంచీ అప్పజెప్పాలి. సరే," అన్నాడు. చాప తెచ్చి పొట్టు లేనిచోట పరిచాడు. "సైదులూ, కూచో నాయనా. నీ తాళాలు తెచ్చుకున్నావా?"

సైదులు సంచీలోంచి తాళాలు తీశాడు.

"కాశింబమ్మ పాడకూడదన్నాడు మావాడు. నియమమంట. ఆమె పేరు పట్టికలో లేదు." సామి నాకేసి తిరిగాడు. "నీ పేరుందిగా. పన్నెండూ అయిపోయినవాడివి, అందరికంటే పైనున్నావంట. సైదులుకి గొంతు లేదు, నీది ఇయ్యి. నువ్వు పాడు, ఆయన తాళం వేస్తాడు. నువ్వు పాడింది ఆయన పాడినట్టే. నువ్వు తప్పితే ఆయన తప్పినట్టే."

వెళ్ళి కూచున్నాను. రావని చెప్పడానికి కూడా ధైర్యం ఉండాలి కదా.

సైదులు తాళం మొదలుపెట్టాడు. మొదటి తత్వం పాడేశాను. రెండోది కూడా ఎలాగో గట్టెక్కింది. మూడోదానికి వచ్చాను.

"తానెవ్వరో తెలియక తలుపు తట్టేవాడా, తన ఇల్లు తెలియక ఊరెల్ల అడిగేవాడా..."

తర్వాతి చరణం అందుకున్నాను. తాళం ఆగింది.

సైదులు నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, చిన్నపిల్లవాడు పలక మీద తప్పు రాస్తే చూసినట్టు. వెనక్కి వెళ్ళమని వేలితో చూపించి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను మళ్ళీ అదే తప్పు పాడాను. మళ్ళీ ఆగింది. నాలుగుసార్లు ఆపాడు, నాలుగుసార్లు ఓపిగ్గా మొదలుపెట్టాడు. ఐదోసారి మూడో తత్వం కుంటుకుంటూ ఒడ్డుకి చేరింది.

నాలుగోదానికి తాళం వేశాడు. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. రాగం ఉంది. మాటలు లేవు. వందసార్లు విన్నాననుకున్నాను గాని, విన్నప్పుడల్లా శబ్దం ఎక్కువుందా తక్కువుందా అని తెర మీద గీతలు చూస్తూ కూచున్నాను.

తాళం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. సైదులు నాకోసం ఆపకుండా వేస్తూనే ఉన్నాడు.

"ఏమబ్బయ్యా," అన్నాడు సామి. "సైదులుకి నాలుగోది రాలేదని రాసుకోనా?"

"ఆయనకి వచ్చు సామీ!" కాశింబీ కేక పెట్టింది. "తొమ్మిదీ వచ్చు! రానిది ఈ సారుకి!"

తాళం ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా కూచున్నాను. లేచి పారిపోదామంటే ఆ పక్కన సామి, ఈ పక్కన ఆవిడ. ఎదురుగా మూడు రోజులుగా అన్నం తినని మనిషి, నేను తప్పితే తను తప్పినట్టే అని ఒప్పుకుని కూచున్న మనిషి.

"సామీ," అన్నాను. "నాకు మూడే వచ్చు. మూడోదీ సరిగ్గా రాదు. పన్నెండు టిక్కులూ నేనే పెట్టుకున్నా."

సామి నాకేసి చూడలేదు. "నాకెందుకు చెప్తావు? నాకొక్కటీ అప్పజెప్పలేదు నువ్వు. నాకు తెలీదా? ఆయనకి చెప్పు."

సామికి చెప్పడం సులువే. సైదులుకి చెప్పడమే కష్టం. ఆయన ఎదురుచూస్తూ కూచున్నాడు. ఆయనకి మాట రాదు కాబట్టి నన్ను తిట్టడు, పోనీలే అనడు, మధ్యలో అందుకుని నా పని తేలిక చెయ్యడు. మొత్తం నేనే చెప్పాలి.

"నేను వినలేదు," అన్నాను. "మీ రికార్డింగులు ఒక్కటీ పూర్తిగా వినలేదు. మీరు రాసింది చదవలేదు. మోసం చేసింది నేను. దానికి మీ పేరు పెట్టాను."

"అదే అందరికీ రాయండి సారూ," అంది కాశింబీ. "ఈయన తమ్ముళ్ళు చదవాల."

అక్కడే కూచుని రాశాను. రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాను. నూట అరవై మందికీ పంపాక ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కొంగుతో భర్త మెడ మీది గుడ్డ అంచు సర్దింది.

"సైదులుకి తొమ్మిదైనాయి," అన్నాడు సామి. "నాకు అందినయ్. అమ్మా, పౌర్ణమి దాకా ఇక్కడే ఉండండి. ఆ మూడూ నేనే చెప్తా. నువ్వు పాడుదువుగాని, ఆయన తాళం వేస్తాడు."

అప్పుడేడ్చింది కాశింబీ. సైదులు రెండు చేతులూ జోడించబోయాడు. తాళాలు వేళ్ళకే ఉండిపోయి చిన్నగా మోగాయి.

నేను లేచాను. ల్యాప్‌టాప్ మూసి, ఆ అడ్మిన్ పాస్‌వర్డు సామికి ఇచ్చేసి ఊరికి పోదామనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ముగ్గురి ముందు నుంచి తప్పుకుంటే చాలనిపించింది.

"ఎక్కడికి?" అన్నాడు సామి. "నీకింకా నాలుగోది రాలేదుగా. సైదులూ, వీడికి చెప్పు నాయనా."

సైదులు సామికేసి చూశాడు, తర్వాత నాకేసి. చాప మీద ముందుకు జరిగి నా మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూచున్నాడు. నాలుగో తత్వం మొదటి మాట దగ్గర పెదవులు కదిపాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నాకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ మొదటికి వచ్చి, ఇంకా నెమ్మదిగా కదిపాడు.

నా చెయ్యి దానంతటదే ఫోను కోసం వెళ్ళింది, రికార్డు చేసుకుందామని.

"అది పక్కన పెట్టబ్బయ్యా," అన్నాడు సామి, చిత్రిక మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "విను."